ఇంటర్‌స్టెల్లార్ ముగింపు: తరచుగా అడిగే ప్రశ్నలు

క్రిస్టఫర్ నోలన్ తీసిన ఈ సినిమా 2014 నవంబరులో వచ్చింది. పదేళ్ళయిన సందర్భంగా 2024 డిసెంబరులో అమెరికాలో మళ్ళీ విడుదల చేశారు. అదే వారం మన దగ్గర ఐమ్యాక్స్ తెరలు పుష్ప 2తో నిండిపోయాయి కాబట్టి మనకి 2025 ఫిబ్రవరి 7న వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లోవాళ్ళు, ఆఫీసులో పక్క సీటువాళ్ళు, ఊళ్ళో ఉన్న బావమరుదులు నన్ను అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందరికీ ఒకేచోట ఉండాలని రాసి పెట్టాను. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. కథ మొత్తం ఇందులో బయటపడుతుంది, సినిమా చూడనివాళ్ళు ముందు చూసి రండి.

## హాల్లోంచి బయటికి రాగానే

చివర్లో అసలు ఏం జరిగింది? రెండు ముక్కల్లో చెప్పండి.

మనుషులకి కొత్త గ్రహం వెతకడానికి వెళ్ళిన వ్యోమగామి కూపర్ బ్లాక్ హోల్ (కృష్ణబిలం)లో పడతాడు. అక్కడ ఎవరో కట్టిపెట్టిన ఒక నిర్మాణంలోకి చేరతాడు. దాని పేరు టెసెరాక్ట్. తన కూతురు మర్ఫ్ గదిలోని పుస్తకాల అర వెనక వైపు, అన్ని కాలాల్లోనూ, అతనికి ఒకేసారి కనిపిస్తుంది. టార్స్ అనే రోబో బ్లాక్ హోల్ లోపల సేకరించిన సమాచారాన్ని కూపర్ మర్ఫ్ వాచీలోని సెకన్ల ముల్లు ద్వారా మోర్స్ కోడ్‌లో పంపుతాడు. పెద్దదైన మర్ఫ్ దాన్ని పట్టుకుని గురుత్వాకర్షణ సమీకరణం పూర్తి చేస్తుంది. మనుషులు భూమి నుంచి పెద్ద పెద్ద స్టేషన్లలో బయటపడతారు. కూపర్ శనిగ్రహం దగ్గర దొరుకుతాడు, చావుకి దగ్గరలో ఉన్న ముసలి కూతుర్ని చూస్తాడు, ఆమె మాట మీద తోటి వ్యోమగామి బ్రాండ్‌ని వెతుక్కుంటూ బయల్దేరతాడు.

ఆ నీళ్ళ గ్రహం మీద ఒక గంట మనకి ఏడేళ్ళు ఎలా అయింది?

గురుత్వాకర్షణ ఎక్కువైన చోట కాలం నెమ్మదిగా నడుస్తుంది. ఇది ఐన్‌స్టీన్ చెప్పిన విషయం, సినిమా కోసం పుట్టించింది కాదు. మన ఫోన్లకి దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు భూమ్మీద గడియారాల కన్నా రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి. ఆ తేడాని సరిచేయకపోతే దారి తప్పుతాం.

సినిమాలో గ్రహం మన సూర్యుడికి పది కోట్ల రెట్లు బరువున్న బ్లాక్ హోల్‌కి బాగా దగ్గర్లో ఉంది, ఆ బ్లాక్ హోల్ విపరీతమైన వేగంతో తిరుగుతోంది కూడా. అందుకే తేడా అంత పెద్దది. లెక్క వేస్తే అక్కడ ఒక నిమిషం ఇక్కడ దాదాపు 43 రోజులు. కూపర్ బృందం పోగొట్టుకున్న 23 ఏళ్ళ 4 నెలలు అక్కడ మూడు గంటల ఇరవై నిమిషాలే. మన సినిమాల్లో ఒకటి చూసినంతసేపు.

బ్లాక్ హోల్లో పడితే మనిషి ముక్కలైపోవాలి కదా?

చిన్న బ్లాక్ హోల్ అయితే అవును, అంచు దాటక ముందే కాళ్ళకీ తలకీ మధ్య లాగుడులో తేడా వల్ల శరీరం సాగిపోతుంది. చాలా పెద్దదైతే అంచు దగ్గర ఆ తేడా స్వల్పంగా ఉంటుంది, కాబట్టి అంచు దాటడం వరకు కూపర్ బతకడంలో అసంభవం ఏమీ లేదు. ఆ లోపల ఏముంటుందో భౌతికశాస్త్రానికే తెలియదు. కథకుడు తన ఊహని సరిగ్గా ఆ తెలియని చోటే మొదలుపెట్టాడు. నాకు అది నిజాయితీగానే అనిపించింది.

## పుస్తకాల గది దగ్గర ఆగిపోయినవాళ్ళకి

శనిగ్రహం దగ్గర వార్మ్‌హోల్ (దూరపు లోకాలకి అడ్డదారి) పెట్టింది, టెసెరాక్ట్ కట్టింది ఎవరు? ఆ "వాళ్ళు" గ్రహాంతరవాసులా?

కూపర్ ఉద్దేశంలో వాళ్ళు మనమే. ఎన్నో తరాల తర్వాత కాలాన్ని కూడా ఒక దారిలా నడవగలిగే స్థితికి ఎదిగిన మనుషులు. టార్స్ వెంటనే, మనుషులు ఇలాంటిది కట్టలేరని అడ్డం చెబుతుంది. ఇప్పుడు కట్టలేరు, ఎప్పుడో కడతారు అన్నది కూపర్ జవాబు. గమనించాల్సింది ఏమిటంటే, సినిమా దీన్ని రుజువు చేయదు. కూపర్ ఊహనే మనకి ఇచ్చి వదిలేస్తుంది. దాన్ని కాదనే ఆధారం ఎక్కడా లేదు కాబట్టి చాలామంది ఖాయమైన జవాబుగా తీసుకుంటారు, నేనూ తీసుకున్నాను.

వార్మ్‌హోల్ లేకపోతే మనుషులు బతకరు, మనుషులు బతక్కపోతే వార్మ్‌హోల్ ఉండదు. ఇది చెట్టు ముందా విత్తు ముందా లాంటిది కాదా?

అలాంటిదే. కారణం, ఫలితం ఒకదాని తోక ఒకటి పట్టుకుని గుండ్రంగా తిరుగుతాయి. కాలాన్ని ఒక నదిలా, ముందు నుంచి వెనక్కి పోలేనిదిగా ఊహిస్తే ఇది తప్పే. ఈ సినిమా మాత్రం జరిగింది, జరుగుతున్నది, జరగబోయేది మొత్తం ఒకేసారి ఉన్నట్టు ఊహించుకుంటుంది. అలా చూసినప్పుడు "మొదటిసారి" అనేదే ఉండదు. కూపర్ వార్మ్‌హోల్ లేకుండా ఒకసారి వెళ్ళి, తర్వాత చరిత్ర మార్చాడు అనుకోకండి. అతను ఏదీ మార్చలేదు. చిన్న మర్ఫ్ దెయ్యం అనుకున్నది మొదటి నుంచీ అతనే.

అక్కడ "వెళ్ళొద్దు, ఉండిపో" అని తనకే సందేశం పంపాడు కదా. అది పనిచేసి ఉంటే?

పనిచేయదని మనకి ముందే తెలుసు, ఎందుకంటే సినిమా మొదట్లో చిన్న మర్ఫ్ ఆ సందేశం చదివి చెప్పింది, అతను వినలేదు. ఈ సీను కథలో అవసరం లేదని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ నిమిషంలో అతనికి లోకం గురించి, సమీకరణం గురించి ఏ ఆలోచనా లేదు. అర అవతల కూతురు ఏడుస్తోంది, తలుపు దగ్గర తను వెళ్ళిపోతున్నాడు. పుస్తకాలు తోసి తోసి, గుద్ది గుద్ది తనని తానే ఆపుకోవాలని చూస్తాడు. ఏడ్చి అలిసిపోయాకే టార్స్ గొంతు వినిపిస్తుంది. గతాన్ని మార్చడానికి మనల్ని ఇక్కడికి తేలేదు అని అది చెప్పాకే, దుమ్ము చారల్లో నాసా ఉన్న చోటు అంకెలు పంపుతాడు. అంటే తను వెళ్ళిపోవడానికి దారి తనే వేసుకుంటాడు. పశ్చాత్తాపం ముందు, పని తర్వాత. ఆ వరుస తీసేస్తే అతను మనిషిలా ఉండడు.

అంత పెద్ద సమాచారం పంపడానికి చేతి వాచీయే దొరికిందా?

టెసెరాక్ట్‌లో నుంచి అతను గురుత్వాకర్షణతో చిన్న చిన్న వస్తువుల్ని మాత్రమే కదపగలడు. పుస్తకం, దుమ్ము, ముల్లు. వాటిలో ఒకే లయలో, మళ్ళీ మళ్ళీ, ఏళ్ళ తరబడి కదిలేలా చేయగలిగింది ముల్లునే.

అసలు కారణం వేరే ఉంది. వెళ్ళే ముందు తండ్రి ఒకేలాంటి రెండు వాచీల్లో ఒకటి కూతురికిచ్చాడు, తిరిగొచ్చాక రెండూ పోల్చి చూసుకుందామన్నాడు. అప్పుడు ఆమె కోపంతో విసిరికొట్టింది. కానీ పారేయలేదు, ఆ గదిలోనే ఉంచింది. దాని కోసం ఆమె తప్పకుండా తిరిగి వస్తుందని కూపర్‌కి తెలుసు, టార్స్‌కి తెలియదు. ఏ యంత్రమూ లెక్కకట్టలేని విషయం అదొక్కటే.

## స్టేషన్లో మెలకువ వచ్చాక

కూపర్ నిజానికి బ్లాక్ హోల్లోనే చనిపోయాడు, మిగతాదంతా చివరి క్షణాల్లో కన్న కల. కాదంటారా?

ఈ వాదన చేసేవాళ్ళు, కూపర్ కన్నా ముందే వెళ్ళిన వ్యోమగామి డాక్టర్ మాన్ మాటని సాక్ష్యంగా చూపిస్తారు. చచ్చిపోయే ముందు మనిషికి చివరగా కనిపించేది తన పిల్లలే అని మాన్ కూపర్‌ని చంపబోతూ అంటాడు. దాన్ని బట్టి చూస్తే ముసలి మర్ఫ్ కనిపించడం కలే అనిపిస్తుంది.

నాకు మూడు అభ్యంతరాలున్నాయి. ఒకటి, పెద్ద మర్ఫ్ వాచీని కనిపెట్టడం, సమీకరణం పూర్తి చేయడం మనం ఆమె వైపు నుంచి చూస్తాం, కూపర్ కళ్ళతో కాదు. రెండు, చివరి దృశ్యంలో బ్రాండ్ ఒంటరిగా ఎడ్మండ్స్‌ని పూడ్చిన చోట నిలబడి హెల్మెట్ తీస్తుంది. ఆ సంగతి కూపర్‌కి తెలిసే అవకాశమే లేదు. మూడోది నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపిస్తుంది: కల కనే తండ్రి అంత చేదుగా కలగనడు. తన కూతురు పండు ముసలి అయిపోయి, చుట్టూ తనకి పేర్లు కూడా తెలియని మనవలు మునిమనవలు నిలబడి, తను గదిలో పరాయివాడిలా ఉండేలా ఎవరు కలగంటారు?

అంత ప్రేమించిన కూతురి దగ్గర రెండు నిమిషాలేనా ఉండేది? నాకు నచ్చలేదు.

ఎక్కువ మంది మనసు కష్టపెట్టుకునేది ఇక్కడే. మా అమ్మ కూడా "మంచం పక్కన ఇంకో రోజు కూచుంటే ఏం పోయేది" అంది.

ఆమె వైపు నుంచి చూడండి. తండ్రి వస్తాడని వేరే స్టేషన్ నుంచి ఆ వయసులో ప్రయాణం చేసి వచ్చింది. అతను మాట నిలబెట్టుకున్నాడు, అది ఆమెకి చాలు. తన బిడ్డ చావు ఏ తండ్రీ చూడకూడదని, తన కోసం తన పిల్లలున్నారని చెప్పి ఆమె అతన్ని పంపేస్తుంది. సినిమా మొదట్లో వెళ్ళొద్దని పంతం పట్టిన పిల్ల చివర్లో తనే వెళ్ళమని చెబుతోంది. అప్పుడు అతను ఆమె ఒప్పుకోకుండా వెళ్ళాడు. ఇప్పుడు ఆమె మాట విని వెళ్తున్నాడు. నా లెక్కలో ఈ సీను పొట్టిది కాదు, మొదటి వీడ్కోలుకి ఇది మిగిలిన సగం.

కొడుకు టామ్ గురించి ఒక్క మాట కూడా అడగలేదేం?

దీనికి నా దగ్గర సమర్థన లేదు. ఇది సినిమాలో నిజమైన లోపం.

టామ్ ఏళ్ళ తరబడి తండ్రికి పంపిన వీడియో సందేశాలు గుర్తు తెచ్చుకోండి. చదువు పూర్తయిందని, పెళ్ళయిందని, కొడుకు పుట్టాడని, తాత పోయాడని, ఆ కొడుకూ పోయాడని అన్నీ చెప్పాడు. చివరికి ఇక నిన్ను వదిలేస్తున్నాను అని ఆపేశాడు. మర్ఫ్ అన్నేళ్ళు కోపంతో మాట్లాడలేదు, టామ్ జవాబు రాకపోయినా మాట్లాడుతూనే ఉన్నాడు. పొలం వదలకుండా దుమ్ములో బతికాడు. అతని మొండితనం వల్ల భార్యాబిడ్డల ప్రాణాల మీదికి వచ్చింది, నిజమే. అయినా స్టేషన్లో కళ్ళు తెరిచిన తండ్రి కొడుకు ఊసెత్తకపోవడం నన్ను ప్రతిసారీ బాధపెడుతుంది. విదేశాల్లో చదువుకునే పిల్లల విజయాలు చెప్పుకుంటూ, ఊళ్ళో పొలం చూసుకుంటూ ఇంటిపట్టున ఉన్న కొడుకుని మర్చిపోయే ఇళ్ళు మనకీ తెలుసు.

ఇన్నేళ్ళు గడిచాయి కదా, బ్రాండ్ ఇంకా అదే వయసులో ఎలా ఉంది?

బ్లాక్ హోల్ అంచు చుట్టూ తిరిగి వేగం అందుకునే ప్రయత్నంలో ఇద్దరూ కలిసే ఉన్నారు. ఆ ఒక్క మలుపుకి భూమ్మీద 51 ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళు బ్రాండ్‌కి కూడా గడవలేదు. అందుకే కూపర్ శని దగ్గర బయటపడే నాటికి ఆమె ఎడ్మండ్స్ గ్రహం మీద ఇప్పుడిప్పుడే గుడారం వేసుకుంటోంది. స్టేషన్ డాక్టరు లెక్కలో కూపర్ వయసు 124, శరీరానికి మాత్రం అంత లేదు.

వార్మ్‌హోల్ ఇంకా తెరిచే ఉందా? లేకపోతే అతను ఎలా చేరతాడు?

సినిమా చెప్పదు. మర్ఫ్ వెళ్ళమని చెప్పింది కాబట్టి దారి ఉందనే అనుకోవాలి.

ముందు వేరే ముగింపు అనుకున్నారట, నిజమేనా?

నిజమే. ఈ కథ మీద పని 2006 ప్రాంతంలో స్టీవెన్ స్పీల్‌బర్గ్ దర్శకుడిగా మొదలైంది, స్క్రిప్టు రాయడానికి వచ్చింది నోలన్ తమ్ముడు జోనాథన్. తన మొదటి ఆలోచనలో కూపర్ సమాచారం వెనక్కి పంపబోతుండగా వార్మ్‌హోల్ కూలిపోతుందని జోనాథనే తర్వాత చెప్పాడు. తర్వాత అన్న చేతికి వచ్చాక ఇప్పుడు మనం చూసే ముగింపు తయారైంది. ఆ చీకటి ముగింపే బాగుండేదని వాదించేవాళ్ళు ఉన్నారు. అలా అయితే వాచీ అందేది కాదు, మర్ఫ్ చేసిన పనంతా ఎగిరిపోయేది. నాకు ఇప్పటిదే కావాలి.

## సందేశం మీద వాదించుకునేవాళ్ళకి

ప్రేమ కాలాన్నీ దూరాన్నీ దాటుతుందట. ఇంత సైన్సు చెప్పి చివరికి ఇదా?

ఆ మాటన్నది బ్రాండ్, అదీ తను ప్రేమించిన ఎడ్మండ్స్ ఉన్న గ్రహానికి వెళ్దామని వాదిస్తున్నప్పుడు. కూపర్ అప్పుడు ఒప్పుకోడు. సినిమా ఆ మాటని ఒక పాత్ర నమ్మకంగా పెట్టింది, సూత్రంగా కాదు.

తర్వాత జరిగింది చూస్తే, ప్రేమ ఏ గ్రహాన్నీ కదపలేదు, సమీకరణంలో ఒక్క అంకె కూడా వేయలేదు. సమాచారం టార్స్ తెచ్చింది, పంపింది గురుత్వాకర్షణ, అర్థం చేసుకున్నది మర్ఫ్ చదువు. ప్రేమ చేసిన పని చిరునామా రాయడం. అనంతమైన కాలంలో ఏ గది, ఏ క్షణం, ఏ వస్తువు అని తేల్చింది అదే. ఉత్తరం ఎంత గొప్పదైనా చిరునామా లేకపోతే చేరదు. ఇలా చూస్తే సైన్సుకీ ప్రేమకీ పేచీ లేదు.

బ్రాండ్ తండ్రి ప్రొఫెసర్ బ్రాండ్ చేసింది మోసం కదా? ఆయన్ని విలన్ అనొచ్చా?

మోసమే. భూమ్మీద ఉన్నవాళ్ళని కాపాడే ప్లాన్ ఎ జరగదని ఆయనకి ఎప్పుడో తెలుసు. గడ్డకట్టించిన పిండాలతో కొత్త చోట మనిషి జాతిని మొదలుపెట్టే ప్లాన్ బి ఒక్కటే ఆయన లెక్కలో మిగిలింది. అది చెబితే ఎవరూ పనిచేయరని అబద్ధం చెప్పాడు, సొంత కూతురికి కూడా.

ఈ సినిమాలో అసలు వాదన ఇక్కడుందని నా నమ్మకం. ప్రొఫెసర్ "మన పిల్లలు" అనే ఆలోచన పక్కన పెట్టి "మన జాతి" అని ఆలోచించాలంటాడు. డాక్టర్ మాన్‌ని అందరిలోకీ గొప్పవాడని పొగుడుతారు. ఆ మాన్‌కి వెనక కుటుంబం లేదు. జాతి కోసం అన్నీ వదులుకున్నానని చెప్పుకునే ఆ మనిషే తన ప్రాణం కోసం దొంగ సమాచారం పంపి, కూపర్ బృందంలోని రోమిలీ చావుకి కారణమై, కూపర్‌ని చంపబోయాడు. ఒక్క పిల్ల కోసం ఇంటికి వెళ్ళాలని తపించిన కూపర్ వల్ల చివరికి జాతి బతికింది. "అందరి కోసం" అని మొదలుపెట్టినవాళ్ళు ఒక్కరినీ కాపాడలేకపోయారు. విలన్ అనే మాట ఆయనకి చిన్నది. ఆయన ఆశ పోగొట్టుకుని, ఆ సంగతి దాచినవాడు.

భూమిని పాడుచేసి వదిలేసి పారిపోండి అనేదే దీని సందేశమా?

మాది వ్యవసాయ కుటుంబం, కాబట్టి ఈ ప్రశ్న నాకు గట్టిగానే తగులుతుంది. తెగులు పడి గోధుమ పోయింది, చివరి బెండ పంటని కూడా కాల్చేశారు, మొక్కజొన్న ఒక్కటే మిగిలింది. ఆ తెగులు ఎందుకు వచ్చిందో, దాన్ని ఆపడానికి ఎవరైనా ఏం ప్రయత్నించారో సినిమా సరిగ్గా చూపించదు. రైతు పని చిన్నదన్నట్టు కూపర్ మాట్లాడే తీరు కూడా నాకు నచ్చదు. చిత్రీకరణ కోసం కెనడాలోని ఆల్బెర్టాలో దాదాపు 500 ఎకరాల మొక్కజొన్న నిజంగా పండించిన సినిమా ఇది. ఆ పైరుని అంత అందంగా చూపించి, దాన్ని పండించేవాడి తెలివికి అంత తక్కువ చోటిచ్చారు.

అయినా పారిపోవడమే సందేశం అంటే అన్యాయం. తెగులు గాలిలో నైట్రోజన్ మీద బతుకుతూ ప్రాణవాయువుని తగ్గిస్తోందని ప్రొఫెసర్ చెబుతాడు, అంటే కథలో ఇంకో దారి మూసేశారు. సినిమా నిజంగా కోప్పడేది ఆ బడి సీనులో. చంద్రుడి మీదికి మనిషి వెళ్ళలేదు, అదంతా ప్రచారం అని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. కష్టం వచ్చినప్పుడు తెలుసుకోవడం మానేయడం, పిల్లలకి ఆశ పడొద్దని నేర్పడం, దాని మీదే సినిమా పోట్లాట.

ఇందులో సైన్సు ఎంత, కల్పన ఎంత?

భౌతికశాస్త్రవేత్త కిప్ థోర్న్ మొదటి నుంచీ ఈ సినిమాతో ఉన్నాడు. గురుత్వ తరంగాలని కనిపెట్టిన పనికి 2017లో నోబెల్ పంచుకున్నవారిలో ఆయన ఒకరు. కాంతి కన్నా వేగంగా ప్రయాణం పెట్టాలని నోలన్ పట్టుబడితే ఆయన ఒప్పుకోలేదు. బ్లాక్ హోల్ బొమ్మ ఆయన సమీకరణాలతో కంప్యూటర్లు వేసింది, ఆ పని మీద 2015లో పరిశోధనా పత్రం కూడా వచ్చింది. 2019 ఏప్రిల్‌లో మొదటిసారి అసలైన బ్లాక్ హోల్ ఫోటో విడుదలైనప్పుడు చాలామందికి ఈ సినిమానే గుర్తొచ్చింది. అసలు దానిలో ఒక పక్క వెలుగు ఎక్కువ ఉంటుంది. ప్రేక్షకులు తికమకపడతారని సినిమాలో ఆ తేడా తీసేశారు.

కాలం నెమ్మదించడం నిజం. వార్మ్‌హోల్ కాగితం మీద సాధ్యం, ఎవరూ చూడలేదు. టెసెరాక్ట్ పూర్తిగా ఊహ.

## రెండోసారి చూడబోయేవాళ్ళకి

మొదట్లో వచ్చే డ్రోన్ మనదేనా?

అవును, భారత వైమానిక దళానిది. ఢిల్లీ కంట్రోల్ కేంద్రం కూడా తమదాని లాగే పదేళ్ళ క్రితం మూతపడిందని కూపర్ చెబుతాడు. నడిపించేవాళ్ళు లేకపోయినా అది ఒంటరిగా ఎగురుతూనే ఉంది. ఇన్నేళ్ళూ ఎగిరిన దాన్ని వదిలేద్దామని మర్ఫ్ బతిమాలుతుంది. మన దేశం పేరు వినగానే హాల్లో ఈలలు పడతాయి, ఆ సందడిలో పిల్ల మాట చాలామందికి వినపడదు.

ముగింపు తెలిసిపోయాక మళ్ళీ చూడ్డానికి ఏముంది?

మొదటి నిమిషం ఉంది. సినిమాలో మొదట వినిపించేది ఒక ముసలావిడ మాట, మా నాన్న రైతు అని ఆవిడ చెబుతుంది. తర్వాత ఇంకొందరు పెద్దవాళ్ళు దుమ్ము తుఫానుల గురించి, పళ్ళేలు బోర్లించి పెట్టుకోవడం గురించి మాట్లాడతారు. వాళ్ళలో చాలామంది నటులు కాదు, 1930ల్లో అమెరికాలో వచ్చిన దుమ్ము తుఫానులని కళ్ళారా చూసినవాళ్ళు. 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ నుంచి ఆ మాటలు తీసుకున్నారు. మొదటి ఆవిడ మాత్రం నటి, ఎలెన్ బర్స్టిన్. మూడు గంటలకి దగ్గరైన సినిమా చివర, స్టేషన్లో మ్యూజియంగా మార్చిన ఆ పాత ఇంట్లో, తెరల మీద ఇవే ముఖాలు కనిపిస్తాయి. అప్పుడు తెలుస్తుంది, మొదట్లో మాట్లాడిన ఆవిడ మర్ఫ్ అని. తండ్రి తిరిగొస్తాడో రాడో తెలియని రోజుల్లో, ఎవరో కెమెరా పెట్టి అడిగితే, ఆవిడ ముందుగా చెప్పింది నాన్న గురించే.